మా నాయనమ్మ పేరులో ఒక ప్రమాణం

పాస్టర్‌గారికి, సంఘ పెద్దలకు, సండే స్కూల్ టీచర్లందరికీ వందనాలు. గ్రీకు కొత్త నిబంధనలో హెబ్రీ పేర్ల గురించి మాట్లాడమన్నారు. యేసు ప్రభువు పేరుతో మొదలుపెడదామని రాసుకొచ్చాను. కానీ మా నాయనమ్మను తలుచుకోకుండా నోరు రావడం లేదు.

ఆమె పేరు ఎలీసబెతు. ఊరంతా ఎలిసమ్మ అనేవారు. పింఛను కాగితంలో గుమాస్తా ఎల్లమ్మ అని రాశాడు. 'ఏ పేరైతే ఏంటి, డబ్బులొస్తాయిగా' అన్నాడు. వేలికి సిరా పూసుకుని కూడా ఆమె ముద్ర వేయలేదు. 'అది నేను కాదు నాయనా' అంది. మా నాన్న ఎన్నిసార్లు తిరిగారో!

బైబిలు తెచ్చినవాళ్లు నిర్గమకాండం 6:23 తీయండి. అహరోను భార్య ఎవరు? ఎలీషెబ. లూకా సువార్తలో బాప్తిస్మమిచ్చే యోహాను తల్లి ఎలీసబెతు కూడా అహరోను వంశమే. రెండూ ఒకటే పేరు. గ్రీకులో 'ష' లేదు, అందుకని 'స' అయింది. మనకు 'ష' ఉంది, కానీ మన కొత్త నిబంధన గ్రీకు నుంచి వచ్చింది కదా! అందుకే అక్కడ, హెబ్రీ పాత నిబంధనలో, మిర్యాము; ఇక్కడ, కొత్త నిబంధనలో, మరియ. అక్కడ షిమ్యోను, ఇక్కడ సీమోను.

'నా దేవుడు ప్రమాణం' అని ఎలీషెబకు అర్థం చెబుతారు. ఎలీసబెతు భర్త జెకర్యా. జెకర్యా అంటే 'యెహోవా జ్ఞాపకం చేసుకున్నాడు'. వాళ్ల కొడుకు యోహాను. యోహాను అంటే 'యెహోవా కరుణించాడు'. బిడ్డకు తండ్రి పేరే పెడదామని చుట్టాలు పట్టుబడితే, ఆ మూగ తండ్రి పలక అడిగి యోహాను అని రాశాడు. నోరు తెరుచుకుంది, పాట వచ్చింది. ఆ పాటలో, లూకా 1వ అధ్యాయం 72, 73 వచనాలు చూడండి: కరుణ, జ్ఞాపకం, ప్రమాణం. కొడుకు, తండ్రి, తల్లి! గ్రీకులో చదివితే ఇది వినపడదు. ఆ ఇంట్లోవాళ్ల పేర్లే పాటయ్యాయండీ. మా నాయనమ్మ ఆ ముద్ర ఎందుకు వేయలేదో నాకప్పుడు అర్థమైంది.

టైమైపోతోంది, ప్రభువు పేరు ఒక్కటి చెప్పేస్తాను. యెహోషువ పొట్టిగా యేషువ. గ్రీకులో 'ష' పోయి, చివర పురుషుల పేర్లకు వచ్చే 'స్' చేరి యేసూస్ అయింది. మనకు యేసు. మత్తయి 1:21లో 'ఆయన రక్షించును గనుక' ఆ పేరు పెట్టమన్నాడు దూత. ఆ 'గనుక' ఎందుకో గ్రీకు పేరులో కనపడదు. హెబ్రీలో యేషువ అనగానే 'రక్షణ' అన్న మాటే చెవిన పడుతుంది. ఈ క్రిస్మస్‌కు పిల్లలతో ఆ వచనం కంఠస్థం చేయించేటప్పుడు, ఒక్కసారి యేషువ అని పలికి వినిపించండి.