15 సెకన్ల ఫొటో, మరి సారీ ఎంతసేపు?

నమస్కారం. 2008 సెప్టెంబర్ 10, సాయంత్రం. టైమ్స్ నౌ చానల్లో ఒక వార్త వెళ్తోంది. ఉత్తరప్రదేశ్‌లోని ఘాజియాబాద్ జిల్లా కోర్టులో ఉద్యోగుల పీఎఫ్ డబ్బు కాజేశారన్న కుంభకోణం. అందులో కొందరు జడ్జీల పేర్లు కూడా బయటికొచ్చాయి. కలకత్తా హైకోర్టు జడ్జిగా చేసిన పి.కె. సామంత ప్రస్తావన వచ్చినప్పుడు స్క్రీన్ మీద ఒక ఫొటో వేశారు. ఆ ఫొటో ఆయనది కాదు, పి.బి. సావంత్‌ది.

ఈ సావంత్ ఎవరో తెలుసా? సుప్రీంకోర్టు మాజీ న్యాయమూర్తి. దానికి తోడు, ప్రెస్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకు చైర్మన్‌గా చేసిన మనిషి. పత్రికలు తప్పు రాశాయని ఎవరైనా ఫిర్యాదు చేస్తే విచారించే కుర్చీ అది. దేశంలో ఇంతమంది ఉండగా, పోయి పోయి ఆయన ఫొటోనే దొరికింది వీళ్లకి.

స్క్రీన్ మీద ఆ ఫొటో ఉన్నది 15 సెకన్లు. న్యూస్ రూముల్లో ఇలాంటి తప్పు ఎలా దొర్లుతుందో ఊహించడం పెద్ద కష్టం కాదు. బులెటిన్ మొదలవడానికి రెండు నిమిషాలుంటుంది. డెస్క్ నుంచి ఒకరు ‘ఫొటో కావాలి, ఫొటో’ అని అరుస్తుంటారు. గ్రాఫిక్స్‌లో కూర్చున్న కుర్రాడు లైబ్రరీలో పేరు కొడతాడు. దగ్గర దగ్గర స్పెల్లింగుతో ఒక జడ్జిగారి ఫొటో వస్తుంది, నల్ల కోటు ఉంటుంది, ఇక అనుమానమెందుకు? ప్లేట్, అంటే స్క్రీన్ మీద వేసే గ్రాఫిక్, రెడీ అయిపోతుంది. ఎవరూ కక్షతో చేయరు. కానీ టీవీ ముందున్న మనిషికి ఆ లోపలి హడావుడి కనపడదు కదా. ఒక ముఖం, పక్కన ‘కుంభకోణం’ అన్న మాట, అంతే కనపడతాయి.

ఇప్పుడు అసలు విషయానికొద్దాం. తప్పు తెలియగానే చానల్ ఆ ఫొటో వేయడం ఆపేసింది. కానీ ‘ఇందాక మేం చూపించిన ఫొటో వేరే ఆయనది, ఆయనకు ఈ కేసుతో సంబంధం లేదు’ అని వెంటనే చెప్పలేదు. సావంత్ లెటర్ రాశాక, రోజులు గడిచాక గానీ క్షమాపణ రాలేదు. ఆయన పుణె కోర్టుకెక్కారు. 2011 ఏప్రిల్‌లో కోర్టు ఎంత కట్టమందో తెలుసా? 100 కోట్ల రూపాయలు! 15 సెకన్లకు. సెకనుకు ఆరున్నర కోట్ల పైమాటే. అప్పీలుకెళ్తే బాంబే హైకోర్టు ముందు 20 కోట్లు డిపాజిట్ చేయండి, మిగతా 80 కోట్లకు బ్యాంకు గ్యారంటీ ఇవ్వండి అంది. సుప్రీంకోర్టుకెళ్తే, అందులో మేం జోక్యం చేసుకోం అంది.

నన్నడిగితే 100 కోట్లు చాలా ఎక్కువ. అలాంటి తీర్పు ఒక చిన్న తెలుగు చానల్ మీద పడితే మర్నాడే షట్టర్ దించేయాలి. ఆ భయంతో జడ్జీల మీద నిజమైన వార్త దొరికినా ఎవడూ ముట్టుకోడు. అది కూడా జనానికి నష్టమే. కానీ ఒక్కసారి ఆలోచించండి. ఆ రాత్రే ప్రైమ్ టైమ్‌లో యాంకర్ నోటితో, పెద్ద అక్షరాలతో, ఆయన పేరు పెట్టి సారీ చెప్పి ఉంటే, వ్యవహారం ఇంత దూరం వచ్చేదా? నాకైతే వచ్చేది కాదనిపిస్తుంది. తప్పుని స్క్రీన్ మీద నుంచి తీసేస్తే పని అయిపోయిందనుకున్నారు. అప్పటికే చూసేసిన వాళ్ల బుర్రలోంచి దాన్ని ఎవరు తీస్తారు?

మన చానళ్ల అలవాటు ఎలా ఉంటుందంటే, పొరపాటు తొమ్మిది గంటల షోలో, ఎర్ర బ్రేకింగ్ ప్లేట్ల మధ్య, ఢాం ఢాం మ్యూజిక్‌తో వెళ్తుంది. సవరణ మర్నాడు మధ్యాహ్నం, కింద స్క్రోల్‌లో, బంగారం ధరకీ వాతావరణానికీ మధ్యలో పరుగెత్తుకుంటూ పోతుంది. నడిబజార్లో తిట్టి, ఇంటికొచ్చి చెవిలో సారీ చెప్పినట్టు.

ఈ తెలివితేటలు ఫిర్యాదులు వినేవాళ్లకూ తెలుసు. న్యూస్ చానళ్లు తమకు తామే పెట్టుకున్న ఒక సంస్థ ఉంది. ముందు దాన్ని ఎన్‌బీఎస్‌ఏ (న్యూస్ బ్రాడ్‌కాస్టింగ్ స్టాండర్డ్స్ అథారిటీ) అనేవాళ్లు, ఇప్పుడు ఎన్‌బీడీఎస్‌ఏ, మధ్యలో ‘డిజిటల్’ చేరింది. దీని ఆర్డర్ల భాష చూస్తే నాకు నవ్వొస్తుంది. శాస్త్రవేత్త, కవి గౌహర్ రజా కేసు చూడండి. 2016 మార్చిలో ఢిల్లీలో ఒక ముషాయిరాలో, అంటే ఉర్దూ కవి సమ్మేళనంలో, ఆయన కవిత్వం చదివితే, జీ న్యూస్ ఆ కార్యక్రమం మీద ‘అఫ్జల్ ప్రేమీ గ్యాంగ్’, అంటే పార్లమెంటు దాడి కేసులో ఉరితీసిన అఫ్జల్ గురుని ప్రేమించే ముఠా అని ముద్ర వేసి షో నడిపింది. ఆయన ఫిర్యాదు చేశారు. 2017 ఆగస్టులో ఆర్డర్ వచ్చింది: లక్ష రూపాయల జరిమానా, క్షమాపణ. ఆ క్షమాపణ ఎలా ఉండాలో కూడా రాశారు. ఫుల్ స్క్రీన్ మీద ఉండాలి, అక్షరాలు పెద్దవిగా ఉండాలి, వాయిస్ ఓవర్ స్పష్టంగా వినపడాలి, అది కూడా నెమ్మదిగా చదవాలి. నెమ్మదిగా చదవండి అని ఆర్డర్‌లో రాయాల్సి వచ్చిందంటే, వీళ్లకి చానళ్ల సంగతి ఎంత బాగా తెలుసో చూడండి! మ్యూచువల్ ఫండ్ యాడ్ చివర్లో వచ్చే హెచ్చరిక స్పీడులో సారీ చదివేస్తారని ముందే పసిగట్టారు.

కానీ షో వచ్చింది 2016లో, ఆర్డర్ వచ్చింది ఏడాదిన్నరకి. దాని మీద మళ్లీ పునఃపరిశీలన కావాలని చానల్ పిటిషన్. ఆ షో చూసిన వాడికి ఈ సారీ ఎప్పుడు చేరుతుంది, ఎలా చేరుతుంది?

బాలీవుడ్ నటుడు సుశాంత్ సింగ్ రాజ్‌పుత్ కేసు కాస్త నయం. 2020 జూన్‌లో ఆయన చనిపోయాక, చివరి ట్వీట్లు ఇవేనంటూ ఆజ్ తక్ కొన్ని చూపించింది. అవి నకిలీవి. అక్టోబర్‌లో ఎన్‌బీఎస్‌ఏ ఆర్డర్ వచ్చింది. లక్ష జరిమానా. అక్టోబర్ 27 రాత్రి 8 గంటలకు క్షమాపణ వేయాలని తేదీ, టైమ్ కూడా వాళ్లే పెట్టారు. నాలుగు నెలలు పట్టినా, కనీసం జనం టీవీ చూసే టైమ్‌కే వేయించారు.

ఇక ఆ లక్ష సంగతి. 2023 ఆగస్టులో సుప్రీంకోర్టే అంది, ఈ లక్ష జరిమానాతో ఎవరికి భయమని. ఆ షో మీద సంపాదించిన దానికి తగ్గట్టు ఉండాలి కదా అని. నిజమే. పెద్ద చానల్లో ప్రైమ్ టైమ్ యాడ్ రేట్లతో పోలిస్తే లక్ష అనేది ఏ మూలకి?

బయటి దేశాల్లో ఎలా ఉందంటారా? బీబీసీలో ‘న్యూస్‌వాచ్’ అని ఒక ప్రోగ్రామ్ ఉంది, 15 నిమిషాలది. 2004లో మొదలైంది. ఇరాక్ యుద్ధం మీద వేసిన ఒక వార్త విషయంలో హట్టన్ విచారణ జరిగి, బీబీసీ చైర్మన్, డైరెక్టర్ జనరల్ ఇద్దరూ రాజీనామా చేయాల్సి వచ్చింది. ఆ దెబ్బ తగిలాక పుట్టిందిది. చూసేవాళ్లు పంపిన ఫిర్యాదులు చదువుతారు. ఆ వార్త వేయాలని నిర్ణయించిన ఎడిటర్‌ని కూర్చోబెట్టి, ఎందుకలా చేశారని సూటిగా అడుగుతారు. 2012 నుంచి సమీరా అహ్మద్ నడుపుతున్నారు.

ఈవిడ కథ ఒకటి చెప్పకుండా ఉండలేను. న్యూస్‌వాచ్‌కి ఆవిడకి ఎపిసోడ్‌కి 440 పౌండ్లు ఇచ్చేవాళ్లు. దాదాపు అలాంటిదే ఇంకో ప్రోగ్రామ్, ‘పాయింట్స్ ఆఫ్ వ్యూ’, జెరెమీ వైన్ అనే ఆయన చేస్తే ఎపిసోడ్‌కి 3,000 పౌండ్లు. ఆవిడ ట్రిబ్యునల్‌కి వెళ్లారు. 2020 జనవరిలో గెలిచారు. బీబీసీ మీద జనం ఫిర్యాదులు వినే యాంకరే బీబీసీ మీద ఫిర్యాదు చేసి గెలిచి, ఆ ప్రోగ్రామే చేస్తూ ఉన్నారు. మన దగ్గర ఒక యాంకర్ ఇలా చేస్తే మర్నాడు ఐడీ కార్డు గేటు దగ్గర పని చేయదు, మీకూ తెలుసు నాకూ తెలుసు.

అలాగని బీబీసీని నెత్తిన పెట్టుకోమనట్లేదు. 2024 అక్టోబర్‌లో పనోరమా ప్రోగ్రామ్‌లో ట్రంప్ ప్రసంగంలో 50 నిమిషాలకు పైగా తేడా ఉన్న రెండు ముక్కలు కలిపి ఒకే మాటలా చూపించారు. అది గొడవగా మారింది మరుసటి ఏడాది నవంబర్‌లో, అదీ లోపలి నోట్ ఒకటి పేపర్‌కి లీకయ్యాక. డైరెక్టర్ జనరల్, న్యూస్ విభాగం హెడ్ ఇద్దరూ రాజీనామా చేశారు. న్యూస్‌వాచ్ లాంటిది ఇరవై ఏళ్లుగా ఉన్నా ఇది జరిగింది.

మన దేశంలో పేపర్ల వైపు నుంచి ‘ది హిందూ’ ఒక దారి చూపించింది. 2006లో రీడర్స్ ఎడిటర్ అని ఒక పోస్టు పెట్టి కె. నారాయణన్‌కి ఇచ్చారు. పాఠకులు తప్పు చూపిస్తే, సవరణలకు కేటాయించిన చోట దాన్ని వేయడం ఆ ఆఫీసు పని. పేరు తప్పు, ఊరు తప్పు, అంకె తప్పు, ఏదైనా సరే. ఇన్నేళ్లయినా మన తెలుగు న్యూస్ చానళ్లలో వారానికి పది నిమిషాలైనా ఇలాంటి స్లాట్ నాకు కనపడలేదు. జాతకాలకి రోజూ అరగంట దొరుకుతుంది.

యూట్యూబ్‌లో ఇంకో చిక్కుంది. ఒకసారి అప్‌లోడ్ చేసిన వీడియోని అదే లింక్ మీద ఉంచి కొత్త వీడియోతో మార్చలేం. తప్పు ముక్కని కట్ చేయొచ్చు, లేదా మొత్తం డిలీట్ చేయొచ్చు. టైటిల్, థంబ్‌నెయిల్ మాత్రం ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు. చాలా చానళ్లు చేసేది ఇదే. పొద్దున ‘అరెస్ట్’ అన్న థంబ్‌నెయిల్ సాయంత్రానికి ‘అరెస్ట్?’ అవుతుంది. ఒక ప్రశ్నార్థకం పెట్టేసి చేతులు దులిపేసుకుంటారు. 2022లో యూట్యూబ్ ఒక సదుపాయం తెచ్చింది. డిస్క్రిప్షన్‌లో కరెక్షన్ అని రాసి, టైమ్, వివరం పెడితే, వీడియోలో సరిగ్గా ఆ చోటికి రాగానే పైన కార్డు కనపడేలా. తెలుగు న్యూస్ వీడియోల్లో అలాంటి కార్డు నేనింతవరకూ చూడలేదు.

సరే, మీకు ఏ చానల్లోనైనా తప్పు కనపడితే ఏం చేయాలి? కేబుల్ టీవీ నిబంధనల్ని 2021లో మార్చారు. ఫిర్యాదు అందినట్టు చానల్ 24 గంటల్లో మీకు చెప్పాలి, 15 రోజుల్లో తేల్చాలి. ఎన్‌బీడీఎస్‌ఏ దారిలో వెళ్లాలంటే ముందు చానల్‌కే రాయాలి, అదీ ప్రసారమైన ఏడు రోజుల్లోపు. అక్కడ తేలకపోతే పైకి వెళ్లాలి, దానికీ గడువుంది. అది కూడా సభ్యత్వం ఉన్న చానళ్లకే వర్తిస్తుంది, కాబట్టి మీ చానల్ అందులో ఉందో లేదో ముందు చూసుకోండి. ఫిర్యాదులో ‘మీరు అబద్ధాలు చెప్తున్నారు’ అని తిట్టి పంపితే ఉపయోగం లేదు. చానల్ పేరు, ప్రోగ్రామ్ పేరు, తేదీ, టైమ్, ఏ మాట తప్పు, అసలు నిజమేంటి, దానికి ఆధారమేంటి, ఇవి రాయాలి. కనపడగానే ఫోన్‌తో టీవీ స్క్రీన్ రికార్డు చేసి పెట్టుకోండి. మర్నాడు వెతికితే ఆ వీడియో ఉండదు.