డీఏ అంటే జీతం పెంపు కాదు: చాంతాడు లెక్క

(చేతిలో రెండు మూడు చోట్ల ముడులు వేసిన తాడు)

మొన్న ఇందిరాపార్కు ధర్నా చౌక్ మీదుగా ఆటోలో వస్తున్నాను. డీఏ, అంటే ధరలు పెరిగినప్పుడు జీతంతో పాటు ఇచ్చే భత్యం, ఇమ్మని టీచర్ల ధర్నా నడుస్తోంది. ఆటో అన్న అటు చూసి, "మళ్ల జీతాలు పెంచమంటున్నరు మేడం, ఎంతిచ్చినా సాలదు" అన్నాడు. ఆయన మీద కోపం రాలేదు. ఇదే మాట మా చుట్టాల ఇళ్లలోనూ వింటుంటాను. కానీ మా అమ్మ ఉద్యోగమంతా సర్కారు బడిలోనే చేసింది. అందుకే ఆ మాట నాకు గుచ్చుకుంటుంది.

మా అమ్మమ్మ వాళ్లింట్లో చేదబావి ఉండేది. ఎండాకాలం నీళ్లు కిందికి పోతే తాత చాంతాడుకు ఇంకో రెండు మూరలు ముడేసేవాడు. ముడేశాక ఇంట్లోకి నీళ్లు ఎక్కువ వచ్చాయా? లేదు. అదే బొక్కెన, అవే నీళ్లు. ముడి వేయకపోతే మాత్రం బొక్కెన నీళ్లకు అందక గాల్లో ఊగేది.

డీఏ ఆ ముడి. ధరలు పెరగడం అంటే బావిలో నీళ్లు దిగడం. పెద్ద బొక్కెన ఇమ్మని అడగడం వేరు, తాడుకు ముడి వేయమని అడగడం వేరు. తెలుగులో దీన్ని కరువు భత్యం అన్నారు. ఆ పేరులోనే విషయమంతా ఉంది. కరువును తట్టుకోవడానికి ఇచ్చేదాన్ని మనం బహుమానంలా మాట్లాడుతున్నాం.

సరే, నీళ్లు ఎంత దిగాయో ఎవరు కొలుస్తారు? కేంద్రం కింద పనిచేసే లేబర్ బ్యూరో. దేశంలో 88 పారిశ్రామిక కేంద్రాల్లో ధరలు చూసి ప్రతి నెలా ఒక సూచీ ఇస్తుంది. పన్నెండు నెలల సగటు తీసి కేంద్రం ఏడాదికి రెండుసార్లు, జనవరి 1 నుంచి ఒకటి, జులై 1 నుంచి ఒకటి, డీఏ ప్రకటిస్తుంది. టీచర్లు నోటికొచ్చినంత అడుగుతున్నారు అనేవాళ్లు ఇది గమనించాలి. అంకె సంఘాల నాయకుల దగ్గర పుట్టదు, మార్కెట్లో పప్పు ధర దగ్గర పుడుతుంది.

మన తెలంగాణ ఆ అంకెను 0.91తో గుణిస్తుంది. 2020 పీఆర్‌సీలో, అంటే ఉద్యోగుల జీతాల సవరణలో, పాత ముడులు కొన్ని మూల వేతనంలో కలిసిపోయి అది పెద్దదైంది, అందుకే కేంద్రం 1 శాతం ఇస్తే ఇక్కడ 0.91. దీంట్లో అన్యాయమేమీ లేదు, లెక్క సరైనదే. నా బాధంతా తేదీ గురించి.

(బోర్డు మీద రాస్తూ)

2022 జులై 1 నుంచి కేంద్రం డీఏను 34 నుంచి 38 శాతానికి పెంచింది. అంటే 4. నాలుగును 0.91తో గుణిస్తే 3.64. ఈ 3.64 శాతం తెలంగాణలో మంజూరైంది 2024 దీపావళికి ముందు! 2022లో దిగిన నీళ్లకు 2024లో ముడి. మధ్యలో రెండేళ్లకు పైగా ఆ ఇంట్లో బొక్కెన ఎలా నిండింది? అప్పు చేస్తే నిండింది. ఎస్జీటీ, అంటే సెకండరీ గ్రేడ్ టీచరు, స్కేలు మొదటి మెట్టు 31,040 రూపాయలు. దాని మీద 3.64 శాతం అంటే నెలకు దాదాపు 1,130. చిన్న మొత్తమే అనిపిస్తుంది. ఒక ఇంట్లో పాల బిల్లు అంతే ఉంటుంది. పైగా బకాయిలు అందరికీ ఒక్కసారే చేతికి రావు. జీపీఎఫ్ అనే భవిష్య నిధి ఉన్నవాళ్లకు ఆ ఖాతాలో పడతాయి.

ఇప్పుడు హైదరాబాద్ సంగతి. నాకు అన్నిటికంటే ముఖ్యమైంది ఇదే.

డీఏ శాతం రాష్ట్రమంతా ఒకటే. ఆదిలాబాద్‌లో టీచరుకైనా, అమీర్‌పేటలో టీచరుకైనా. కానీ రెండు చోట్లా బావి లోతు ఒకటి కాదు కదా! ఆ తేడా కోసం ఉన్నది ఇంటి అద్దె భత్యం, హెచ్ఆర్ఏ. 2015 పీఆర్‌సీలో హైదరాబాద్‌కు 30 శాతం ఉండేది. 2020 పీఆర్‌సీలో 24 చేశారు. "శాతం తగ్గినా మూల వేతనం పెరిగింది కదా" అంటారు. నిజమే, ఆ రోజుకు రూపాయల్లో పెరిగింది. తర్వాత ఏమవుతుందో చూడండి. హెచ్ఆర్ఏను మూల వేతనం మీదే లెక్కేస్తారు, డీఏ కలపరు. ఏటా వచ్చే ఇంక్రిమెంటు పెంచేది పెంచుతుంది, అంతకుమించి కొత్త పీఆర్‌సీ వచ్చేదాకా అద్దె తాడుకు ముడి పడదు. ఇంటి ఓనరు మాత్రం ఏటా పెంచుతూనే ఉంటాడు.

కేంద్రం కూడా ఎక్స్ కేటగిరీలో పెట్టిన పెద్ద నగరాలకు, అంటే హైదరాబాద్‌కు కూడా, 24తోనే మొదలుపెట్టింది. కానీ డీఏ 25 శాతం దాటితే 27, 50కి చేరితే 30 అని ముందే రాసిపెట్టింది. 2024 జనవరి నుంచి 30 వచ్చేసింది. కాబట్టి ఒకే అపార్ట్‌మెంట్‌లో కేంద్రీయ విద్యాలయ టీచరుకు 30 శాతం, కింది ఫ్లోర్‌లో సర్కారు బడి టీచరుకు 24 శాతం. 31,040 మీద 24 అంటే 7,450 రూపాయలు, 30 అయితే 9,312. ఆ 7,450తో దిల్‌సుఖ్‌నగర్ వైపు పిల్లలున్న కుటుంబానికి సరిపోయే ఇల్లు వెతికి చూడండి. ముడి ఎప్పుడు వేయాలో ముందే రాసిపెట్టుకునే పద్ధతి ఇక్కడా తెస్తే, దీని కోసం ధర్నాకే రావాల్సిన పని ఉండదని నా అభిప్రాయం.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను.

పీఆర్‌సీ అంటే ముడులన్నీ విప్పి కొత్త తాడు కొనడం, ఐదేళ్లకోసారి. పోయినసారి, అంటే ఆ 2020 పీఆర్‌సీని, 2018 జులై నుంచి అన్నారు, డబ్బు మాత్రం 2020 ఏప్రిల్ నుంచి లెక్కలోకి వచ్చింది. మధ్యలో 21 నెలలు కాగితం మీదే. తర్వాతి తాడు 2023 జులై నుంచి రావాలి. ఆ అక్టోబరులో ఎన్. శివశంకర్ అధ్యక్షతన కమిటీ వేసి, 5 శాతం ఐఆర్, అంటే మధ్యంతర భృతి, ఇచ్చారు. సీపీఎస్ అనే పెన్షన్ పథకం గొడవ వేరు, దానికి ఇంకో వీడియో కావాలి.

"ప్రైవేటు టీచర్లకు అదీ లేదు" అని కామెంట్లలో రాస్తారు. నిజం, వాళ్ల చేతిలో తాడే లేదు. వాళ్లకు తాడు ఇవ్వమని అడుగుదాం, ఉన్నవాళ్ల తాడు కొయ్యమని కాదు.

ఆటో అన్నకూ దిగేముందు ఈ బావి కథే చెప్పాను. కాసేపు ఆలోచించి, "మరి మా మీటరుకు ముడి ఎవరేస్తరు మేడం?" అని అడిగాడు. హైదరాబాద్‌లో ఆటో మీటరు చార్జీలు 2014లో సవరించాక ఏళ్ల తరబడి అలాగే ఉండిపోయాయి. వచ్చే వీడియో దాని మీదే.