‘పంపించాం సార్’ అంటే చేరినట్టు కాదు
(నెల్లూరులో ఒక కాలనీ గణతంత్ర దినోత్సవ సభలో చేసిన ప్రసంగం)

అధ్యక్షుల వారికి, కార్యదర్శి గారికి, తెల్లారకముందే లేచి షామియానా కట్టిన కుర్రాళ్లకి, పనులన్నీ వదులుకుని వచ్చిన అక్కచెల్లెళ్లకి నమస్కారం. జెండా ఎగరేశాం, పిల్లలకి చాక్లెట్లు పంచాం. లోపల కారందోశ పడుతోందని నాకూ వాసన తెలుస్తోంది. పది నిమిషాల్లో ముగించమన్నారు, ముగిస్తా. ‘కాలనీ భద్రత’ మీద మాట్లాడమన్నారు. గేటు, వాచ్‌మన్, వీధిలైట్ల సంగతి కార్యదర్శి గారు ఏటా చెప్తూనే ఉన్నారు. నేను ఒక్క ఫోను గురించి చెప్తా.

ఇదిగో, నా ఫోను. జెండా తాడు లాగినప్పటి నుంచి ఈ బల్ల మీదే ఉంది. చార్జింగులో లేదు, ఎవరూ ముట్టుకోలేదు. ఎందుకు పెట్టానో చివర్లో చెప్తా.

నేను 1979లో తంతి ఆఫీసులో మెసెంజర్‌గా చేరినవాణ్ణి. సైకిలు మీద మూలాపేట, సంతపేట, స్టోన్‌హౌస్‌పేట తిరిగినవాణ్ణి. టెలిగ్రాముల్లో ఆర్డినరీ ఒకటి, ఎక్స్‌ప్రెస్ ఒకటి. ఎక్స్‌ప్రెస్‌కి రేటు రెట్టింపు. చావు కబురైతే మిగతావన్నీ పక్కన పెట్టి దాన్ని పట్టుకు పరిగెత్తాలి. తలుపు కొట్టాలి, మనిషి లేవాలి, సంతకం పెట్టాలి. సంతకం లేకుండా వెనక్కొస్తే నేను అసలు పోనట్టే లెక్క. 2013 జులైలో ఆ సర్వీసే మూసేశారు, అది వేరే కథ. ఆ సంతకం మాట మాత్రం గుర్తుపెట్టుకోండి.

మూడేళ్ల కిందట మాఘమాసంలో కందుకూరులో మా తోడల్లుడి కూతురి పెళ్లి. అప్పటికే ఇంటికి అలారం పెట్టించాం. తలుపుకి అయస్కాంతం సెన్సరు, హాల్లో మనిషి కదిలితే పసిగట్టేది ఇంకొకటి, పైన సైరను, ఫోన్లో యాప్. బిగించిన కుర్రాడు తలుపు తీసి చూపించాడు. నా చేతిలో ఫోను రెండు సెకన్లలో టింగుమంది. మురిసిపోయి వాడికి కాఫీ ఇప్పించా.

పెళ్లి విడిదిలో ఒక్కో ప్లగ్గు దగ్గర నాలుగేసి ఫోన్లు వరసలో ఉన్నాయి. మగపెళ్లివాళ్లవి తీసి నాది పెట్టమంటే బాగుండదు గదా. సంచిలో వేసి పడుకున్నా. తెల్లారగట్ల ఐదుంపావుకి, టైమెంతయిందో చూద్దామని బటను నొక్కా. నొక్కగానే టింగుమంది. ‘ముందు తలుపు తెరుచుకుంది.’ దాని పక్కన టైము ఒంటిగంటా పది నిమిషాలు. నాలుగు గంటలు దాటింది అబ్బా! సైరను మోగిందంట. పక్కింటాయన విన్నాడంట, ఎవరి కారో అనుకుని అటు తిరిగి పడుకున్నాడంట. ఆయనా ఇక్కడే ఉన్నారు, నేనేమీ అనను.

పోయినవి మా అత్తగారిచ్చిన వెండి కుందులు, ఇత్తడి బిందెలు రెండు... ఆఁ? మూడంట. మా ఆవిడ అక్కణ్ణించే దిద్దుతోంది. బిందెలు మూడు, ఒక గంగాళం. ఆ గంగాళం ఒక్కడు మోసుకుపోయాడో ఇద్దరో ఇప్పటికీ తెలీదు. మా పెళ్లికి నీళ్లు కాచింది అందులోనే. “ఊరందరికీ అర్ధరాత్రి కబుర్లు మోసుకెళ్లి ఇచ్చారు, మనింటి కబురు మీ సంచిలోనే పడి ఉంది” అంది. దానికి నా దగ్గర జవాబు లేదు.

కంపెనీకి ఫోను చేశా. “మా రికార్డులో ఉంది సార్, ఒంటిగంటా పదికే పంపించాం” అన్నాడు. పంపించారంట! తంతి ఆఫీసులో నేను ఆ మాటంటే మా సూపర్వైజరు నా చెవి మెలిపెట్టి ఉండేవాడు.

ఆ కోపంతోనే ఆరా తీశా. ఇంట్లో అలారం పెట్టె నుంచి కబురు రూటరుకి పోతుంది, అక్కణ్ణించి కంపెనీ సర్వరుకి, అక్కణ్ణించి ఆండ్రాయిడ్ అయితే సాధారణంగా గూగుల్ వాళ్లకి, ఐఫోన్ అయితే యాపిల్ వాళ్లకి, ఆ తర్వాతే మన జేబులోకి. 2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 6తో ఫోనుకి ‘డోజ్’ అని ఒక కునుకు నేర్పారు. చార్జింగులో లేకుండా, కదలకుండా, తెర ఆరిపోయి పడి ఉంటే కునుకేస్తుంది. వచ్చిన కబుర్లు ఆపుకుని అప్పుడప్పుడు లేచి చూసుకుంటుంది. కునుకు ముదిరేకొద్దీ ఆ లేవడం ఆలస్యమవుతుంది. అయితే కంపెనీవాళ్లు ‘హై ప్రయారిటీ’ అని గుర్తేసి పంపితే ఫోనుని తట్టి లేపుతుంది. ఏంటిది? మన ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్సే గదా! దొంగ పడ్డ కబురూ, పండగ ఆఫరు కబురూ ఒకే ఆర్డినరీలో వేశారా నాయనా అని అడిగితే ఆ కుర్రాడు కనుక్కుని చెప్తానన్నాడు. ఇంకా కనుక్కుంటూనే ఉన్నాడు.

నా తప్పూ ఉంది. ప్రయాణంలో చార్జింగు ఆగడం లేదని ‘బ్యాటరీ సేవర్’ నేనే నొక్కా. మా ఆవిడకి ఈ సంగతి ఇప్పుడే తెలుస్తోంది. ఇంటికెళ్లాక మాట్లాడుకుంటాంలే.

అయ్యా, ఇంట్లో అలారం ఉన్నవాళ్లు చేతులెత్తండి. పదిహేను మందిదాకా ఉన్నారు. రాత్రి రెండింటికి, ఫోను బల్లమీద పెట్టి గంటయ్యాక పరీక్ష చేసినవాళ్లు? చూశారా. చేతిలో పట్టుకుని చేసే పరీక్షలో ఏ ఫోనైనా నెగ్గుతుంది. సెట్టింగుల్లో ఆ యాప్‌కి బ్యాటరీ ‘అన్‌రిస్ట్రిక్టెడ్’ పెట్టండి. కొన్ని ఫోన్లలో ‘ఆటోస్టార్ట్’ అని ఇంకోటి ఉంటుంది, అదీ ఇవ్వండి. ఆండ్రాయిడ్ 13 నుంచి నోటిఫికేషన్‌కి అనుమతి మనల్నే అడుగుతుంది. మనం కళ్లజోడు లేకుండా ఏదో ఒకటి నొక్కేస్తాం.

ఇవన్నీ చేసినా, దొంగ మనకన్నా తెలివైనవాడు. మన మీటరు పెట్టెలు ఎక్కడున్నాయి? గేటు పక్క గోడకి. మెయిన్ దించితే అలారం పెట్టెకి బ్యాటరీ ఉంటుంది, రూటరుకి ఉండదు. సైరను కూస్తుంది, కబురు గడప దాటదు. రూటరుకి అగ్గిపెట్టెకి అన్నలాంటి చిన్న యూపీఎస్‌లు దొరుకుతున్నాయి. అడాప్టరు మీద ఎన్ని వోల్టులో చూసి కొనుక్కోండి, చాలావాటికి 12 ఉంటుంది.

దానికంటే మంచిది, పెట్టెలో సిమ్ వేసి ఫోను కాల్ చేయించడం. టింగుమంటే ఎవరూ లేవరు, మోగుతూ ఉంటే లేస్తారు. ఎత్తి ‘ఆఁ’ అన్నామంటే సంతకం పెట్టినట్టే. మీరు ఎత్తకపోతే అబ్బాయికి, వాడూ ఎత్తకపోతే పక్కింటికి పోవాలి. ఆ పెట్టెలోని సిమ్ నంబరుని మీ ఫోన్లో ఫేవరెట్లలో పెట్టి, ‘డూ నాట్ డిస్టర్బ్’లో కూడా వాటిని మోగనివ్వమని చెప్పండి. పాత పెట్టెలు కొన్ని 2జీ మీదే నడుస్తాయి, వాటిలో జియో సిమ్ పనిచేయదు. రీచార్జి మర్చిపోతే మూగదైపోతుంది, మాకు ఒకసారి అయింది కూడా. ఊరెళ్లేముందు పోలీసుల ఎల్‌హెచ్‌ఎంఎస్, అంటే తాళం వేసిన ఇళ్ల మీద కన్నేసి ఉంచే యాప్‌లో చెప్తే వాళ్లే కెమెరా పెడతారు, కదలిక కనిపిస్తే కబురు వాళ్ల కంట్రోల్ రూముకే పోతుంది. అదీ వాడుకోండి.

ఒక్క నిమిషం కార్యదర్శి గారూ, ఇది చెప్పకుండా దిగను. ఫోను మోగలేదంటే దొంగ రాలేదనా, కబురు రాలేదనా? అందుకే మీ అలారం కంపెనీని ఒకటి అడగండి. పెట్టె బతికే ఉన్నానని మాటిమాటికీ సర్వరుకి చెప్తోందా, అది ఆగిపోతే మనకి చెప్తారా అని. లేదంటే ఆ పెట్టె గోడకి కొట్టిన బొమ్మే.

ఇప్పుడు ఈ ఫోను సంగతి. తొమ్మిదింటికల్లా మా ముందు తలుపు తీసి అలారం మోగించమని మనవడికి చెప్పొచ్చా. మీ అందరి ముందు ఇది మోగాలి, నేను గర్వంగా ఎత్తాలి, అదీ నా ప్లాను. తొమ్మిదీ పన్నెండయింది. టింగూ లేదు, కాలూ లేదు.

వాడు ఇంకా లేవలేదో, తలుపు తీసినా కబురు రాలేదో. కార్యదర్శి గారూ, మీరు టిఫిన్ పెట్టించండి. నేను ఇంటికి పోయి చూసొస్తా. నా దోశ ఒకటి పక్కన ఉంచండి.