మాట్లాడితేనే గెలిచే ఆట

అందరికీ నమస్కారం. వేదిక మీది పెద్దలకూ, ఏర్పాట్లు చేసిన మిత్రులకూ పేరుపేరునా కృతజ్ఞతలు చెప్పాలనే ఉంది. కానీ నాకిచ్చిందే ఇరవై నిమిషాలు, అందులో కొంత మైకు సరిచేయడానికే పోయింది. అందుకని అందరికీ కలిపి ఒకే నమస్కారం.

ఇంగ్లీషు నేర్చుకునేవాళ్లకు బోర్డు ఆటలు, కార్డు ఆటలు ఎలా పనికొస్తాయో చెప్పమన్నారు. పనికొస్తాయని మీకు ముందే తెలుసు, లేకపోతే సెలవు రోజు ఇక్కడికి వచ్చేవాళ్లు కాదు. నా బాధ వేరే ఉంది. ఆట పేరుతో మన క్లాసుల్లో నడిచేవాటిలో చాలావాటిని నోరు విప్పకుండానే గెలవచ్చు.

అక్షరాల బిళ్లలు పేర్చి మాటలు కట్టే ఆట స్క్రాబుల్. మీలో ఆ పెట్టె ఎవరెవరి దగ్గరుందో చేతులెత్తండి. చూశారా, హాలంతా లేచింది! ఇంగ్లీషు టీచరుకు ఏదైనా ఇవ్వాలనుకుంటే జనానికి ముందు గుర్తొచ్చేది అదే. మంచి ఆటే, నేనూ ఆడతాను. 1930ల ఆర్థిక మాంద్యంలో పని లేక ఖాళీగా ఉన్న ఆల్‌ఫ్రెడ్ మోషర్ బట్స్ అనే ఆర్కిటెక్టు దాన్ని తయారుచేశాడు. ఏ అక్షరం ఎన్నిసార్లు వస్తుందో వార్తాపత్రికలు ముందేసుకుని లెక్కపెట్టాడు. 100 బిళ్లల్లో ‘ఇ’ 12 పెట్టి, ‘ఎస్’ 4 మాత్రమే పెట్టాడు. ఎక్కువుంటే ప్రతి మాటకూ బహువచనం తగిలించి పాయింట్లు కొట్టేస్తారని ఆయన భయం.

మరి దీంతో భాష వస్తుందా? న్యూజీలాండ్‌కు చెందిన నైజెల్ రిచర్డ్స్ 2015లో ఫ్రెంచి స్క్రాబుల్ ప్రపంచ పోటీ గెలిచాడు. ఆయనకు ఫ్రెంచి మాట్లాడడం రాదు. పదాల జాబితా కంఠస్థం చేసుకుని వచ్చి, ఫ్రెంచిలోనే పుట్టి పెరిగినవాళ్లను ఓడించాడు. 2024లో స్పానిష్ పోటీలోనూ అదే పని చేశాడు. ఆయన జ్ఞాపకశక్తికి దండం పెట్టాల్సిందే. కానీ మన పిల్లలు ఇంగ్లీషుతో చేయాల్సింది అది కాదు కదా! వాళ్లు అడగాలి, వినాలి, కాదనాలి, ఒప్పించాలి. స్క్రాబుల్ ఆడుతున్న బల్ల దగ్గరికి వెళ్లి చూడండి. నలుగురూ బిళ్లల వంక చూస్తూ బిగదీసుకుని కూర్చుని ఉంటారు. మాటలు బాగా వచ్చినవాళ్లకు, స్పెల్లింగు సరదాకు అది ఉండనివ్వండి. మొదటి మెట్టు మీదున్నవాడి చేతిలో మాత్రం పెట్టకండి.

స్క్రాబుల్ మీద ఇంతసేపు మాట్లాడాలనుకోలేదు. పోనీయండి, ఇప్పుడు మామూలు పేకముక్కల దగ్గరికి వద్దాం.

గో ఫిష్ అనే ఆట ఉంది. నా చేతిలో ఏడు అంకె ముక్క ఉంటే, ఎదుటివాళ్లలో ఒకరిని ఎంచుకుని “డు యూ హావ్ ఎనీ సెవెన్స్?” అని అడగాలి. ఉంటే ఉన్నవన్నీ ఇచ్చేయాలి. లేకపోతే “నో, ఐ డోంట్. గో ఫిష్” అంటారు, నేను కట్టలోంచి ఒక ముక్క తీసుకోవాలి. ఒకే అంకెవి నాలుగూ చేరితే ఒక సెట్టు. అంతే ఆట. ఇందులో గమనించాల్సినవి రెండున్నాయి. ఒకటి, ఆట ముగిసేలోపు ఒకే ప్రశ్నను ప్రతివాడూ ఎన్నోసార్లు అడుగుతాడు, విసుక్కోడు. అదే ప్రశ్నను బోర్డు మీద రాసి పదిసార్లు చెప్పించండి, మూడోసారికే ఆవలింతలు మొదలవుతాయి. రెండోది నాకు ఇంకా ముఖ్యం. తన వంతు కానప్పుడు కూడా వాడు చెవులు రిక్కించి వింటాడు. పక్కవాడు ఏడు అడిగాడంటే పక్కవాడి దగ్గర ఏడు ఉన్నట్టే! వినకపోతే తనకే నష్టం. పాఠంలో ఇంత శ్రద్ధగా వినే పిల్లలు మీకెంతమంది ఉన్నారు, నిజం చెప్పండి. అంకెల బదులు బొమ్మలు అతికించుకుంటే జంతువులు, బట్టలు, క్రియలు ఏవైనా ఇదే ఆటలో దొర్లుతాయి.

ఇలాంటిదే గెస్ హూ. బోర్డు మీద 24 ముఖాలు ఉంటాయి. “డజ్ షి హావ్ గ్లాసెస్?” లాంటి అవును-కాదు ప్రశ్నలు అడుగుతూ ఎదుటివాడు దాచుకున్న మనిషిని పట్టుకోవాలి. ఇక టాబూ ఉంది. ఒక మాటను ఆ మాట వాడకుండా, దాని కింద రాసిన ఐదు మాటలూ వాడకుండా వివరించాలి. కొత్తవాళ్లకు ఇది చాలా కష్టం. అందుకని నేను రూలు తిప్పేస్తాను. మొదట్లో ఆ ఐదు మాటలూ వాడుకోవచ్చు, అవే ఊతం. కొన్నాళ్లకు ఒక్కొక్కటి నిషేధిస్తూ పోతాను. సంభాషణ మధ్యలో మాట తట్టకపోతే ఆగిపోకుండా చుట్టూ తిరిగి చెప్పడం అలవాటవుతుంది. బయట ప్రపంచంలో అది రోజూ అవసరమయ్యే విద్య.

మెరిల్ స్వెయిన్ అనే కెనడా పరిశోధకురాలు 1985లో ఈ సంగతే రాశారు. అక్కడ పాఠాలన్నీ ఫ్రెంచిలోనే చదివిన, ఇంట్లో ఇంగ్లీషు మాట్లాడే పిల్లలకు అర్థం చేసుకోవడం బాగా వచ్చింది, మాట్లాడడం, రాయడం మాత్రం వెనకబడ్డాయి. భాష చెవిలో పోస్తే చాలదు, నోటితో పలికించాలన్నారు.

మీకు వచ్చే సందేహం నాకు తెలుసు. ఆట వేడెక్కగానే పిల్లలు మాతృభాషలోకి జారిపోతారు. నిజమే. కోప్పడితే మూగబోతారు. ఆటకు ముందే “ఇట్స్ మై టర్న్”, “పాస్ ది డైస్”, “ఐ డోంట్ అగ్రీ” లాంటివి బోర్డు మీద రాసిపెట్టండి. అన్నిటికన్నా తొందరగా వచ్చేది “దట్స్ నాట్ ఫెయిర్!” దాన్ని నేర్పించాల్సిన పనే ఉండదు. పావులతో ఆడే ఆటయితే ఇద్దరికి కలిపి ఒకే పావు ఇవ్వండి. ఎటు జరపాలో ఇద్దరూ తేల్చుకోవాలి కాబట్టి నోరు విప్పక తప్పదు. తప్పులు మాట్లాడితే? కాగితం మీద రాసుకోండి, ఆట అయ్యాక చెప్పండి. పందెం మీదున్నవాణ్ని ఆపి “డు కాదు, డజ్” అంటే మళ్లీ నోరెత్తడు.

ఒక్క మాట చెప్పి ముగిస్తాను. లేదు, రెండు. నేను పనిచేసిన ఒక స్కూల్లో ఆటలు బహుమానం. రాతపని ముందుగా ముగించినవాళ్లే అలమారా దగ్గరికి వెళ్లాలి. ప్రతివారం అదే ఐదారుగురు ఆడేవారు, వాళ్లకేమో ఇంగ్లీషు అప్పటికే వచ్చు. మాట్లాడే అవకాశం ఎవరికి అత్యవసరమో, వాళ్లు కుర్చీల్లో తలవంచుకుని రాస్తూనే ఉండేవారు. టైమ్‌టేబుల్లో ఆటకు పీరియడు లేదన్నారు. ఎన్నిసార్లు చెప్పినా వినలేదు. ఇప్పటికీ తలుచుకుంటే కోపమొస్తుంది. దయచేసి మీ దగ్గర అలా జరగనివ్వకండి. వారం మధ్యలో, అసలు పాఠంగా, అందరిచేతా ఆడించండి.

రెండోది, ఇంక నా ఉపన్యాసం చాలు. ప్రతి వరుస చివర ఒక పేకకట్ట పెట్టాం. నలుగురేసి గుంపుగా చేరండి, ముందు వరుసవాళ్లు కుర్చీలు వెనక్కి తిప్పుకోండి. గో ఫిష్. మనిషికి ఐదు ముక్కలు. అంతా ఇంగ్లీషులోనే. అధ్యక్షులవారూ, మీరు కూడా కిందికి రండి, ఆ గుంపులో ఒకరు తక్కువయ్యారు.