జిమ్, కరాటే రెండూ చేస్తున్నారా? వారాన్ని ఇలా వేసుకోండి

నమస్కారం. నల్లగొండ నుంచి మాట్లాడుతున్నాను. ఉదయం జిమ్, సాయంత్రం కరాటే క్లాసు, మధ్యలో కాలేజీ లేదా ఉద్యోగం. ఈ మూడింటి మధ్య నలిగిపోతున్నవాళ్ల కోసమే ఈ వీడియో. తైక్వాండో, కుస్తీ, బాక్సింగ్ నేర్చుకునేవాళ్లకు కూడా ఇదే లెక్క పనికొస్తుంది.

ఒక కాగితం, పెన్ను తెచ్చుకోండి. వీడియో ఆపినా పర్వాలేదు, నేను ఇక్కడే ఉంటాను.

తెచ్చుకున్నారా? పోయిన వారం చేసిన ప్రతి సాధననూ రాయండి. పక్కన ఎన్ని నిమిషాలు చేశారో రాయండి. దాని పక్కన, అది ఎంత కష్టంగా అనిపించిందో 0 నుంచి 10 లోపు ఒక అంకె వేయండి. ఇప్పుడు రెండింటినీ గుణించండి. 90 నిమిషాల స్పారింగ్, అంటే ఎదుటివాడితో తలపడే సాధన, కష్టం 8 అయితే 720. గంటసేపు జిమ్, కష్టం 7 అయితే 420. అరగంట నింపాదిగా కటా, అంటే ఒంటరిగా వరుసక్రమంలో చేసే కదలికలు, కష్టం 3 అయితే 90. ఇది అమెరికా వ్యాయామ శాస్త్రవేత్త కార్ల్ ఫోస్టర్ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి. ఖరీదైన వాచీ ఏదీ అక్కర్లేదు. ఇకనుంచి కష్టం అంకెను మాత్రం క్లాసు ముగిసిన అరగంటకు వేయండి. వెంటనే వేస్తే చివరి రౌండులో తిన్న దెబ్బలే గుర్తుంటాయి!

ఇప్పుడు ఏ రోజు మొత్తం ఆ రోజుకు కూడి చూడండి. చాలామంది కాగితంలో సోమవారం కరాటే, మంగళవారం జిమ్, బుధవారం మళ్లీ కరాటే, ఇలా శనివారం దాకా వరుసగా ఉంటుంది. ఏ రోజు చూసినా నాలుగు వందలో, ఐదు వందలో. ఒక్క రోజైనా తేలికగా ఉండదు. జిమ్ ట్రైనర్‌కు మీ కరాటే సంగతి తెలియదు, మాస్టర్‌కు మీ జిమ్ సంగతి తెలియదు. రోజు మార్చి రోజు విశ్రాంతి ఇస్తున్నామనే ఇద్దరూ అనుకుంటారు. మీ ఒంటికి మాత్రం ఖాతా పుస్తకం ఒక్కటే.

అందుకే నేను చెప్పేది వినడానికి కొంచెం విచిత్రంగా ఉంటుంది: బరువైన రోజు మీదే బరువు పెట్టండి. క్లాసులు సోమ, బుధ, శుక్రవారాల్లో ఉన్నాయనుకుందాం. జిమ్‌ను మంగళ, గురు, శనివారాల నుంచి తీసేసి సోమ, శుక్రవారాల ఉదయానికి మార్చండి. జిమ్‌కూ క్లాసుకూ మధ్య కనీసం 6 గంటలు ఉండాలి. బుధవారం క్లాసు ఒక్కటే. మంగళ, గురు, శనివారాలు నిజంగా ఖాళీ. నడవండి, సాగదీసే వ్యాయామాలు చేయండి, అంతే.

ఇందులో చిక్కు కాళ్ల దగ్గర వస్తుంది. బరువుతో కూర్చుని లేచే స్క్వాట్‌లు గట్టిగా చేస్తే నొప్పి మర్నాటి నుంచి మూడో రోజు వరకు ఉంటుంది. అలిసిన కాళ్లతో స్పారింగ్‌కు దిగితే కిక్ వేసేటప్పుడు నిలబడిన కాలు వణుకుతుంది, మోకాలు మెలిపడుతుంది. కాబట్టి కాళ్ల బరువులు శుక్రవారం పెట్టుకోండి, ఆ సాయంత్రం మాస్టర్ కటా చేయిస్తే మరీ మంచిది. తర్వాత రెండు రోజులు తీరిక దొరుకుతుంది. సోమవారం పుల్-అప్, ఓవర్‌హెడ్ ప్రెస్, రోయింగ్ చాలు. రెండూ ఒకే పూట చేయక తప్పకపోతే ముందు కరాటే, ఆ తర్వాతే బరువులు.

జిమ్‌లో ఏం తగ్గించాలి? ఛాతీకి ఒక రోజు, బైసెప్స్‌కు ఒక రోజు అనే పద్ధతి వేదికపై కండలు చూపించేవాళ్లది. మీకు ఒక్కో వ్యాయామం 3 సెట్లు, సెట్‌కు 5 రెప్‌లు, అంటే ఆగకుండా ఐదుసార్లు, సరిపోతాయి. ఇంకో రెండు చేయగలను అనిపించినప్పుడే ఆపండి. ట్రెడ్‌మిల్ జోలికి పోవద్దు, దమ్ము క్లాసులోనే పెరుగుతోంది. 1980లో అమెరికా పరిశోధకుడు రాబర్ట్ హిక్సన్ పది వారాల పరిశోధనలో బరువులు, దమ్ము పెంచే సాధన రెండూ దాదాపు రోజూ చేయించారు. ఏడెనిమిది వారాల దాకా బలం పెరిగి, అక్కడ ఆగి, చివరికి తగ్గింది. అది అతి సాధన ఫలితం కావచ్చు. వారానికి రెండు రోజుల జిమ్‌కు భయపడనవసరం లేదు.

నిద్ర లేవగానే, మంచం దిగకముందే నాడి లెక్కపెట్టుకోండి. రెండు మూడు రోజులు మామూలు కంటే ఎక్కువ కొట్టుకున్నా, నిద్ర పట్టకపోయినా, క్లాసు పేరెత్తితే చిరాకు వేసినా ఆ వారం జిమ్ మానేయండి. టీ మీద టీ తాగి నెట్టుకురావద్దు. మూత్రం డికాక్షన్ రంగులో వస్తే మాత్రం ఇంటి వైద్యం కాదు, నేరుగా ఆసుపత్రికి వెళ్లండి.

తిండి దగ్గర హాస్టల్ పిల్లలకు ఒక మాట. 60 కిలోల మనిషికి కిలోకు 1.6 గ్రాముల చొప్పున రోజుకు 96 గ్రాముల ప్రొటీన్ కావాలి. అన్నం, చారుతో అది రాదు. గుడ్డుకు సుమారు 6 గ్రాములు, 100 గ్రాముల పల్లీలకు సుమారు 25. పాలమూరు వైపు పల్లీలకు కొదవే లేదు. పోటీ కోసం బరువు తగ్గుతూ రెండు సాధనలూ కొనసాగించడం అన్నిటికంటే చెడ్డ ఆలోచన.

ఏప్రిల్, మే నెలల్లో రేకుల షెడ్డు జిమ్‌లలో మధ్యాహ్నం అడుగు పెట్టవద్దు. తెల్లవారుజామున వెళ్లండి, సెట్లు మూడింటి నుంచి రెండుకు తగ్గించండి, ఉప్పు వేసిన మజ్జిగ వెంట ఉంచుకోండి. బెల్టు పరీక్ష ఉన్న వారం బరువులు సగం చేయండి, పరీక్షకు ముందు మూడు రోజులు జిమ్ వైపు వెళ్లనే వద్దు. ఆ మూడు రోజుల్లో బలమేమీ తరిగిపోదు.