ముక్క లెక్కన కుట్టే దర్జీ కాంట్రాక్టరా, పనివాడా?

యాంకర్: నమస్తే. 'జీతాల గొడవ లేదు, అంతా కాంట్రాక్టే' అంటుంటారు చిన్న వ్యాపారులు. మేడమ్, మీ బొటిక్‌లో ఎంతమంది?

బొటిక్ యజమాని: ఆరుగురండీ. ఎవరికీ జీతం లేదు. జాకెట్‌కి ఇంత, లంగాకి ఇంత. 'స్వతంత్ర కాంట్రాక్టర్' అని స్టాంప్ పేపర్ మీద సంతకాలు కూడా పెట్టించాను.

న్యాయవాది: మిషన్లు ఎవరివమ్మా?

బొటిక్ యజమాని: నావే.

న్యాయవాది: కుట్టు బాగోకపోతే?

బొటిక్ యజమాని: విప్పి మళ్లీ కుట్టమంటాను. మొన్న ఒక పెళ్లి జాకెట్ చంక దగ్గర లాగేస్తోందని రెండుసార్లు విప్పించాను.

న్యాయవాది: అయితే ఆ స్టాంప్ పేపర్‌ని నమ్ముకోకండి. 1973లో సిల్వర్ జూబ్లీ టైలరింగ్ హౌస్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. తెలంగాణ ప్రాంతపు దుకాణాల చట్టం కింద మొదలైన కేసు, అంటే మన ఇంటి ముచ్చటే. అక్కడా ముక్క లెక్కనే కూలి. కొందరు బట్ట ఇంటికి పట్టుకెళ్లి కుట్టేవాళ్లు. అయినా వాళ్లు ఉద్యోగులేనంది కోర్టు. మిషన్లు దుకాణానివి, బాగోలేదని మళ్లీ కుట్టించే హక్కు యజమానిది.

యాంకర్: మరి బయట మగ్గం వర్క్ చేయిస్తే?

న్యాయవాది: సొంత మగ్గం, సొంత మనుషులు, నాలుగు దుకాణాల పని పట్టే మాస్టర్ అయితే లెక్క వేరు. ఏ ఒక్క గుర్తూ చాలదు, అన్నీ కలిపి చూస్తారు.

ఆడిటర్: ఈఎస్‌ఐ, అంటే ఉద్యోగుల వైద్య బీమా, మామూలుగా 10 మంది దగ్గర, పీఎఫ్ 20 మంది దగ్గర మొదలవుతాయి. ఆరుగురే కదా, ప్రస్తుతానికి...

బొటిక్ యజమాని: పెళ్లిళ్ల సీజన్‌లో పదకొండు మంది అవుతారండీ.

ఆడిటర్: (నవ్వుతూ) అది ముందే చెప్పాలి కదమ్మా! ఇక టీడీఎస్ సంగతి, అంటే డబ్బులిచ్చేటప్పుడే కొంత పన్ను పట్టుకోవడం. నిరుటి టర్నోవర్ కోటి దాటితే మీరు పట్టుకోవాలి. నిజంగా కాంట్రాక్టరే అయిన వ్యక్తికి ఒక బిల్లు 30,000 గానీ, ఏడాది మొత్తం లక్ష గానీ దాటితే 1 శాతం. పాన్ ఇవ్వకపోతే 20.

యాంకర్: వెబ్‌సైట్ చేసే ఫ్రీలాన్సర్ల మాటేంటి?

న్యాయవాది: అక్కడ కథ తిరగబడుతుంది. ఉద్యోగి డ్యూటీలో రాసిన కోడ్ యజమానిది. బయటివాడు రాసింది, మీరు డబ్బులిచ్చినా సరే, రాతపూర్వకంగా బదలాయించేదాకా అతనిదే. ఆ కాగితంలో గడువు రాయకపోతే చట్టం ప్రకారం ఆ హక్కు మీకు అయిదేళ్లే. చాలామంది ఈ లైను వదిలేస్తారు.

బొటిక్ యజమాని: కాగితం దాకా ఎందుకండీ, మా సైట్ పాస్‌వర్డే ఆ అబ్బాయి దగ్గరుంది. రెండు నెలలుగా ఫోన్ ఎత్తట్లేదు.

యాంకర్: అది విరామం తర్వాత తేలుద్దాం మేడమ్.