"ఏ గ్రూపమ్మా?" (బల్గేరియాలో అమెరికా డిగ్రీ)

తమ్ముడు: అందరికీ నమస్కారం. ఈ వారం వచ్చింది బయటివాళ్లు కాదు, మా పెద్దమ్మ కూతురే. తెనాలి నుంచి బల్గేరియా వెళ్లి నాలుగేళ్లు చదువుకొచ్చింది. అక్కా, ఇంట్లో మాట్లాడినట్టే మాట్లాడు.

అక్క: ఇంట్లోలా మాట్లాడితే ఎడిటింగ్‌లో సగం కోసేస్తావు రా.

తమ్ముడు: (నవ్వు) సరే, బల్గేరియా అనగానే మనవాళ్లు మొదట అడిగేది...

అక్క: "ఎంబీబీఎస్సా?" నాన్న పెళ్లిళ్లలో చెప్పీ చెప్పీ విసిగిపోయి, చివరికి "ఆఁ, అలాంటిదేలెండి" అనేశారు. మరుసటి పెళ్లిలో ఒక పిన్నిగారు నన్ను పక్కకి తీసుకెళ్లి మోకాలు చూపించింది.

తమ్ముడు: మరి అసలు సంగతేంటి?

అక్క: రాజధాని సోఫియాకి దక్షిణంగా ఓ వంద కిలోమీటర్లు, గ్రీసు వెళ్లే దారిలో, బ్లాగోయెవ్‌గ్రాడ్ అని చిన్న ఊరు. మధ్యలోంచి బిస్ట్రిత్సా అనే చిన్న ఏరు పోతుంది. అక్కడ 'అమెరికన్ యూనివర్సిటీ ఇన్ బల్గేరియా' ఉంది. కమ్యూనిస్టుల పాలన 1989లో పోయింది, 1991లో ఇది తెరిచారు. అంతా కలిపి వెయ్యి మంది ఉంటారేమో. మన కార్పొరేట్ కాలేజీల్లో ఒక్క బ్రాంచిలోనే అంతమంది ఉంటారు. మెయిన్ బిల్డింగ్ ఏంటో తెలుసా? ఒకప్పుడు కమ్యూనిస్టు పార్టీ ఆఫీసు! ఊరి పేరు కూడా అక్కడి సోషలిస్టు ఉద్యమానికి ఆద్యుడైన డిమితర్ బ్లాగోయెవ్‌దే. ఆయన పేరున్న ఊళ్లో, ఆ పార్టీ కట్టుకున్న గోడల మధ్య, మాకు డిమాండు, సప్లై గీతలు గీయించేవారు.

తమ్ముడు: నువ్వక్కడ చదివింది లిబరల్ ఆర్ట్స్ కదా, అంటే మన బీఏనేగా?

అక్క: కాగితం మీద బీఏనే. లోపల లెక్క వేరు. మన దగ్గర పది పాసవగానే "ఏ గ్రూపమ్మా?" అంటారా. పదిహేనేళ్లకి ఎంపీసీ అని రాసిచ్చేస్తే, ఇక జన్మలో చరిత్ర పుస్తకం ముట్టుకోనక్కర్లేదు. నేనూ ఎంపీసీనే. అక్కడ దిగిన వారంలో ఆఫీసుకెళ్లి "నాది ఏ గ్రూపు?" అని అడిగా. ఆవిడకి అర్థమే కాలా. గ్రూపనేదే లేదక్కడ! ఒక్కో కోర్సుకి ఇన్ని క్రెడిట్లని ఉంటాయి, అమెరికా పద్ధతిలో డిగ్రీకి అలాంటివి ఓ 120. అందులో మేజర్‌కి, అంటే మన ముఖ్య సబ్జెక్టుకి, పోయేది కొంత భాగమే, అది కూడా మొదటి ఏడాదే తేల్చాల్సిన పన్లేదు. నేను కంప్యూటర్స్ అనుకుని వెళ్లి, ఎకనామిక్స్, జర్నలిజం రెండూ మేజర్లుగా చేసి బయటపడ్డా. రెండు మేజర్లు అక్కడ వింతేం కాదు.

తమ్ముడు: అంటే ఏది పడితే అది చదవొచ్చా?

అక్క: అదిగో, అందరూ అక్కడే పొరబడతారు. మేజర్ ఏదైనా సరే, రాయడం, లెక్కలు, సైన్సు, చరిత్ర, ఇలా ఒక్కోదాంట్లోంచి ఇన్ని చేసి తీరాలి. నేను దేన్నుంచి తప్పించుకుందామనుకున్నానో అదే వచ్చి ఎదురుగా కూర్చునేది. మొదటి వ్యాసం సంగతి చెప్పనా?

తమ్ముడు: చెప్పు చెప్పు.

అక్క: మనకి ఇంటర్లో నేర్పేదేంటి? సైడ్ హెడింగులు, కింద నల్ల స్కెచ్‌తో గీత, ఎన్ని పేజీలైతే అన్ని మార్కులు. నేను టైప్ చేసి, ప్రింటు తీసి, దానిమీద స్కేలు పెట్టి గీతలు కొట్టి మరీ ఇచ్చా. ఎనిమిది హెడింగులు. తిరిగొచ్చింది, మార్కు లేదు. చివర పెన్సిల్‌తో ఒక్క ముక్క: "ఇందులో నువ్వెక్కడున్నావు?" ఒళ్లు మండిపోయింది రా. ఆఫీస్ అవర్స్‌లో, అంటే ప్రొఫెసర్ తన గదిలో మనకి దొరికే టైములో, వెళ్లి ఆయనతో పోట్లాడా. ఏ పుస్తకం మీద వ్యాసం రాశానో అది రాసినాయన చెప్పింది ఎందుకు తప్పో పది నిమిషాలు ఆగకుండా వాదించా. ప్రొఫెసర్ మొత్తం విని, "సరే, ఇదే రాసుకు రా" అన్నారు.

తమ్ముడు: (నవ్వు) దొరికిపోయావ్!

అక్క: క్లాసుకి ఇరవై మంది కూడా ఉండరు, వెనక బెంచీ అనేది ఉంటే కదా దాక్కోడానికి. ఒకసారి, కొసావో గొడవలో 1999లో సెర్బియా మీద నాటో వేసిన బాంబుల గురించి చర్చ. ఇటు కొసావో అమ్మాయి, అటు సెర్బియా అబ్బాయి. ఇద్దరూ దాదాపు ఆ ఏడాదికి అటూ ఇటూ పుట్టినవాళ్లే, ఇద్దరిళ్లల్లోనూ చెప్పిన కథలు వేరు. నాకు గుండె దడ, ఇక్కడే కొట్టుకుంటారేమోనని. గంటన్నర వాదించుకుని, కలిసే కాఫీకెళ్లారు. స్నేహితులయ్యారని చెప్పను, కాలేదు కూడా. కాఫీ మాత్రం తాగారు.

తమ్ముడు: తిండి?

అక్క: పెరుగు! వాళ్లు కిసెలో మ్ల్యాకో అంటారు, అంటే పుల్లపాలు. పెరుగు తోడుకునే బ్యాక్టీరియాల్లో ఒకదానికి బల్గేరియా పేరే పెట్టారు. మొదటి నెల కొట్టుకెళ్లి పెరుగుందా అని అడిగితే, ఆవిడ తల కిందికీ పైకీ ఊపింది. ఉందన్నమాట అని నించున్నా. ఊపుతూనే ఉంది, నించునే ఉన్నా. అక్కడ అలా ఊపితే లేదని! ఉంటే అడ్డంగా ఊపుతారు. ఇక మనం రెంటికీ మధ్యలో ఆడిస్తాం చూడు తల, దానికి వాళ్ల దగ్గర అర్థమే లేదు.

తమ్ముడు: సరే, వెళ్లాలనుకునేవాళ్లకి కష్టం కూడా చెప్పు.

అక్క: చెప్తా. ఒక కన్సల్టెంటు నాన్నతో "అమెరికా డిగ్రీ కదండీ, అట్నుంచటు అమెరికానే" అన్నాడు. అమెరికాలో కాలేజీలకి గుర్తింపిచ్చే న్యూ ఇంగ్లండ్ కమిషన్ గుర్తింపు ఉంది, నిజమే. కానీ డిగ్రీ వేరు, వీసా వేరు. అక్కడ పీజీ కావాలంటే మళ్లీ అందరితో పాటు లైన్లో నించోవాల్సిందే. నాలుగేళ్ల డిగ్రీ కాబట్టి, మన మూడేళ్ల డిగ్రీలకి వచ్చినట్టు ఏళ్లు చాల్లేదన్న పేచీ మాత్రం రాదు. ఇక ఇక్కడికి తిరిగొస్తే ఉద్యోగం ఫారాల్లో మనకి గడి ఉండదు. బీటెక్, బీకామ్, "ఇతరములు". నేను ఇతరములు. గవర్నమెంటు పరీక్షలు రాయాలన్నా, ఇక్కడ పీజీలో చేరాలన్నా, మన డిగ్రీ ఇక్కడి డిగ్రీతో సమానమేనని సర్టిఫికెట్ అడుగుతారు. అది ఇప్పుడు ఎవరిస్తున్నారో, రూల్సేంటో వెళ్లకముందే చూసుకోండి, వచ్చాక కాదు. ఇంకోటి, పొలం తాకట్టు పెట్టి మాత్రం వెళ్లొద్దు. ఆ ఊళ్లో పార్ట్ టైం చేసి అప్పు తీర్చడం కల్ల. అక్కడి డబ్బు మా రోజుల్లో లెవాలు, 2026 జనవరి నుంచి యూరోలే.

తమ్ముడు: ఆఖరిగా ఒకటి. మన చిన్నది ఈ ఏడు పది పాసయింది కదా...

అక్క: అవును, ఏం చేస్తోందట?

తమ్ముడు: ఎంపీసీ. నిన్ననే అడ్వాన్సు కట్టేశారు.

అక్క: దాన్ని అడిగారా ఎవరైనా?

తమ్ముడు: నేనడిగా. "ఏ గ్రూపు?" అని.